ఎనిమిదింటి ఫోనుకు దొరకని డాక్టరమ్మ

ప్రశ్న: మాది గుంటూరు. మావారి ఉద్యోగరీత్యా పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. నా వయసు 47. ఆరేళ్లుగా షుగరు, అంతకు ముందు నుంచే థైరాయిడ్ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, లెవోథైరాక్సిన్ వాడుతున్నాను. మేం శాకాహారులం. నిరుడు అమ్మ పోయినప్పటి నుంచి ఒంట్లో సత్తువ ఉండటం లేదు, నిద్ర పట్టదు, ఈ మధ్య అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. మా జీపీ సర్జరీలో (ఫ్యామిలీ డాక్టరును జీపీ అని, వారి క్లినిక్‌ను సర్జరీ అని ఇక్కడ అంటారు) ఒక డాక్టరమ్మ ఉన్నారు. నేను చెప్పేది చివరిదాకా వినేది ఆవిడే. కానీ ఆవిడ అపాయింట్‌మెంట్ గగనమైపోయింది. పొద్దున్న ఎనిమిదింటికి ఫోను చేస్తే నాకంటే ముందు ఇరవై ముప్పై మంది ఉంటారు. నా వంతు వచ్చేసరికి “ఇవాళ్టికి అయిపోయాయి, రేపు ఎనిమిదింటికి చేయండి” అంటారు. ఎప్పుడైనా దొరికినా ఇంకో డాక్టరు దగ్గరికి పంపుతారు. ఈ ఆరు నెలల్లో ముగ్గురు చూశారు. ఒకరు వయసు మార్పులన్నారు, ఒకరు దిగులన్నారు, ఒకరు మెట్‌ఫార్మిన్ మోతాదు పెంచారు. “ఏ డాక్టరైతే ఏమిటి, అందరి ముందూ ఉండేది అదే కంప్యూటరు” అంటారు మావారు. మరీ అయితే సంక్రాంతికి గుంటూరు వెళ్లినప్పుడు కొత్తపేటలో అన్నీ చూపించుకుని ఆరు నెలలకు మందులు తెచ్చుకుందామంటారు. ఆ డాక్టరమ్మే కావాలనుకోవడం నా మొండితనమా? ఆవిడ దొరికే దారి ఏమైనా ఉందా? లేకపోతే సర్జరీ మార్చుకోమంటారా?
– ఒక పాఠకురాలు, రెడింగ్

సమాధానం: మొండితనం కాదు. మీకు అది హక్కుగా కూడా ఉంది. ఇంగ్లండ్‌లో అమలులో ఉన్న ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) రాజ్యాంగ పత్రం ప్రకారం, మీరు నమోదైన సర్జరీలో ఫలానా డాక్టరే చూడాలని కోరే హక్కు రోగికి ఉంది, ఆ కోరికను తీర్చడానికి సర్జరీ ప్రయత్నించాలి. కోరిన రోజే కోరిన డాక్టరును చూపించి తీరాలని అందులో లేదు, ప్రయత్నించాలని మాత్రమే ఉంది. మీ ఇబ్బంది అంతా ఈ రెండింటి మధ్య ఉన్న ఎడంలోనే ఉంది కాబట్టి, ఆ ఎడాన్ని తగ్గించుకునే మార్గాల గురించే ఎక్కువగా రాస్తాను.

ముందు మీవారి మాట తీసుకుందాం. అందరి ముందూ ఉండేది అదే కంప్యూటరన్నది నిజమే. మీ రక్తపరీక్షలు, మందులు, ఆసుపత్రి ఉత్తరాలు అన్నీ ఏ డాక్టరు తెరిచినా కనిపిస్తాయి. ఆ మాటకొస్తే మన ఊళ్లో ప్లాస్టిక్ కవరులో పాత చీటీలన్నీ పట్టుకుని తిరగవలసిన పని ఇక్కడ లేకపోవడం ఆ కంప్యూటరు పుణ్యమే. అయితే మీరు మునుపు ఎలా నడిచేవారో, ఎంత చురుగ్గా మాట్లాడేవారో, ఏ విషయం అడిగితే మాట దాటవేస్తారో రికార్డులో ఉండదు. పరిచయం లేని డాక్టరు తనకు దొరికే పది నిమిషాల్లో సగం పాత సంగతులు చదవడానికే ఖర్చు చేస్తారు. మిగిలిన సగంలో మీరు ఆ రోజు ముందుగా చెప్పిన బాధకే జవాబు దొరుకుతుంది. మీ విషయంలో జరిగింది ఇదేనని నా అనుమానం. ముగ్గురు డాక్టర్లూ పొరపాటు మాటలు చెప్పి ఉండనక్కరలేదు. ఒక్కొక్కరికీ మీ కథలో ఒక్కొక్క ముక్కే అందింది.

ఆ ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఆరేళ్లుగా మెట్‌ఫార్మిన్, శాకాహారం, నీరసం, అరికాళ్ల తిమ్మిరి. మెట్‌ఫార్మిన్ వాడేవారిలో విటమిన్ బి12 తగ్గిపోవడం తరచుగా కనిపించే దుష్ఫలితమని, అలాంటి లక్షణాలున్నవారికి రక్తంలో బి12 ఎంతుందో పరీక్షించాలని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో డాక్టర్లకు సూచించింది. మోతాదు ఎక్కువైనా, వాడిన కాలం ఎక్కువైనా, ఆహారంలో బి12 తక్కువైనా ఆ ముప్పు పెరుగుతుంది. మీ జబ్బు ఇదేనని నేను అనడం లేదు. అరికాళ్ల తిమ్మిరి షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నా వస్తుంది, నీరసానికి థైరాయిడ్ మాత్ర చాలకపోవడమూ కారణం కావచ్చు, రుతుక్రమం ఆగిపోయే ముందు కాలంలోనూ నిద్ర చెడుతుంది, తల్లి పోయిన దుఃఖమూ మనిషిని అలాగే కుంగదీస్తుంది. ఇన్ని అవకాశాలున్న మనిషిని మొదటి నుంచీ చూస్తున్న ఒకే డాక్టరు చూడాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు. మరొక మాట: బి12 పరీక్ష కోసం ఆ డాక్టరమ్మ దొరికేదాకా ఆగనక్కరలేదు. మీ మందులు, ఆహారం, కాళ్ల తిమ్మిరి మూడింటినీ ఒకే చోట రాసి ఈ పరీక్ష చేయించమని సర్జరీని ఇప్పుడే అడగవచ్చు. ఫలితం ఆవిడ ముందుకు వెళ్లేసరికి సిద్ధంగా ఉంటుంది. ఈలోగా మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు, తగ్గించవద్దు.

ఒకే డాక్టరు దగ్గర కొనసాగడం వల్ల మేలుందని అధ్యయనాలూ చెబుతున్నాయి. నార్వేలో సుమారు 45 లక్షల మంది వివరాలు పరిశీలించి 2021లో వెలువరించిన అధ్యయనంలో, ఒకే ఫ్యామిలీ డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవారిని ఏడాది పరిచయమే ఉన్నవారితో పోల్చారు. మొదటి వర్గం వారు వేళ కాని వేళ డాక్టరు కోసం పరుగెత్తడం 30 శాతం, ఆసుపత్రిలో చేరవలసి రావడం 28 శాతం, మరణించే అవకాశం 25 శాతం తక్కువగా ఉన్నట్టు తేలింది. ఇలాంటి అధ్యయనాల్లో డాక్టరు పరిచయం ఒక్కటే కారణమని గట్టిగా నిరూపించడం కష్టమే కానీ, పరిచయం పెరిగిన కొద్దీ తేడా పెరుగుతూ పోవడం తోసిపుచ్చదగిన విషయం కాదు. ఇంగ్లండ్ సర్జరీల్లో కోటికి పైగా సంప్రదింపులను లెక్కగట్టిన మరో పరిశోధన ప్రకారం, తమ డాక్టరునే కలిసిన రోగి మళ్లీ రావడానికి పట్టే వ్యవధి సగటున 18 శాతం ఎక్కువ. ఆ డాక్టరమ్మే కావాలని అడిగితే పని పెంచుతున్నామేమోనని మీరు మొహమాటపడుతున్నట్టు ఉత్తరంలో కనిపించింది కాబట్టి ఈ చివరి సంగతి చెబుతున్నాను. మీరు ఆవిడనే కలవడం సర్జరీకీ లాభమే.

ఇక దారి సంగతి. మీరు నిలబడుతున్న క్యూయే మీకు పనికొచ్చే క్యూ కాదు. ఎనిమిదింటి ఫోను ప్రధానంగా ఆ రోజే చూడవలసినవారి కోసం. రాత్రంతా జ్వరంతో మూలిగిన పిల్లవాడి తల్లి, మూత్రంలో మంటతో లేచిన పెద్దావిడ, ఉన్నట్టుండి వెన్ను పట్టేసిన మనిషి అందరూ ఆ పావుగంటలోనే ఫోను చేస్తారు. ఆ క్యూలో చివరికి దొరికేది ఆ రోజు ఖాళీగా ఉన్న డాక్టరే తప్ప మనకు కావలసిన డాక్టరు కాదు. మీ జబ్బు ఇవాళే చూడవలసినది కాదు, తెలిసినవారు చూడవలసినది. ఆవిడ కోసం రెండు మూడు వారాలు ఆగగలిగితే మీరు అడగవలసిన అపాయింట్‌మెంట్లు వేరే ఉన్నాయి.

దీని లోగుట్టు కొంచెం చెప్పాలి. జీపీలలో చాలామంది వారమంతా సర్జరీలో ఉండరు. వారి పనిని సెషన్లుగా లెక్కిస్తారు. ఒక సెషన్ అంటే సుమారు నాలుగు గంటల పది నిమిషాలు, అంటే ఒక పూట. వారానికి నాలుగు సెషన్లు చేసే డాక్టరు మీకు రెండు రోజులు మాత్రమే దొరుకుతారు. ఆ పూటలో కూడా రోగుల్ని చూసే సమయం పోగా రక్తపరీక్షల ఫలితాలు, ఆసుపత్రుల నుంచి వచ్చే ఉత్తరాలు, మందుల చీటీలు ఉంటాయి. ఇంగ్లండ్‌లో పూర్తికాలపు లెక్కన ఒక్కో జీపీ వంతుకు సగటున 2,200 మందికి పైగా రోగులు వస్తారు. అందుకని చాలా సర్జరీలు ప్రతి డాక్టరు సమయాన్నీ భాగాలు చేస్తాయి. కొన్ని అపాయింట్‌మెంట్లు ఆ రోజు ఉదయం తెరుస్తారు, కొన్ని రెండు వారాల ముందో నాలుగు వారాల ముందో తెరుస్తారు, మరికొన్ని డాక్టరు తన పాత రోగుల కోసం తన చేతిలోనే ఉంచుకుంటారు. ఈ పంపకం సర్జరీకీ సర్జరీకీ మారుతుంది. కాబట్టి “ఇవాళ ఆవిడ ఉన్నారా” అని అడగడం కంటే “ఆవిడ ఏ రోజుల్లో ఉంటారు, ముందుగా తీసుకునే అపాయింట్‌మెంట్లు ఏ రోజున, ఎన్ని గంటలకు తెరుస్తారు” అని అడిగితే రిసెప్షన్‌లో ఉన్నవారు సూటిగా జవాబు చెబుతారు. ఈ ప్రశ్నకు ఫోను ఎనిమిదింటికి చేయకండి. పదకొండు దాటాక చేస్తే వారికీ ఊపిరి తీసుకునే తీరిక ఉంటుంది.

“రేపు ఎనిమిదింటికి చేయండి” అన్న జవాబు దగ్గర మాత్రం మీరు ఫోను పెట్టేయవలసిన పని లేదు. 2023 మే నుంచి ఇంగ్లండ్‌లో జీపీల కాంట్రాక్టు మారింది. రోగి మొదటిసారి సంప్రదించినప్పుడే అవసరమేమిటో అంచనా వేయాలి, లేదా ఎక్కడికి వెళ్లాలో చెప్పాలి, అంతే కానీ ఇంకోసారి ఫోను చేయమని పంపేయకూడదు. 2025 అక్టోబరు 1 నుంచి మరో మార్పు వచ్చింది. అత్యవసరం కాని విన్నపాల కోసం ఆన్‌లైన్ ఫారాన్ని పని దినాల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 6.30 వరకూ తెరిచే ఉంచాలి. ఫోనులో అడిగినా, ఆన్‌లైన్‌లో రాసినా, స్వయంగా వెళ్లినా, తరువాత ఏం జరుగుతుందో ఒక పని దినం లోపు సర్జరీ మీకు తెలియజేయాలి. ఈ నియమాలను రిసెప్షనిస్టు మీద అస్త్రాల్లా ప్రయోగించమని నేను అనను. ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి మాటలు పడేదే కానీ అపాయింట్‌మెంట్లు పుట్టించగలిగేది కాదు. “మళ్లీ ఫోను చేయడం నాకు కష్టమవుతుంది, నా విన్నపం ఇప్పుడే రాసుకుని ఎప్పుడు చెబుతారో చెప్పండి” అంటే చాలు. మర్యాదగా, కానీ ఫోను వదలకుండా అనండి. మనలో చాలామంది “సరేనండి, పర్లేదండి” అని ఫోను పెట్టేసి తరువాత ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటాం.

నా మటుకు నేను మీకు ఆన్‌లైన్ ఫారాన్నే సిఫారసు చేస్తాను. ఎన్‌హెచ్ఎస్ యాప్‌లో గానీ సర్జరీ వెబ్‌సైటులో గానీ అది ఉంటుంది. దాన్ని నింపడంలోనూ ఒక పద్ధతి ఉంది. మీ ఉత్తరంలో రాసినట్టు పదకొండేళ్ల నుంచీ మొదలుపెడితే, దాన్ని చదివి ఎవరి దగ్గరికి పంపాలో నిర్ణయించే మనిషి మొదటి రెండు వాక్యాలు చూసి తోచిన పెట్టెలో వేస్తారు. కాబట్టి మొదటి వాక్యంలోనే అడగవలసింది అడగండి. ఇలా ఉండవచ్చు: “నా దీర్ఘకాలపు సమస్య విషయమై డాక్టరు ఫలానా గారినే కలవాలనుకుంటున్నాను, నన్ను ముందు నుంచీ చూస్తున్నది ఆవిడే. ఇది అత్యవసరం కాదు, ఆవిడ కోసం మూడు వారాల వరకూ ఆగగలను, ఫోనులోనైనా నేరుగా అయినా సమ్మతమే. ఆరు నెలలుగా నీరసం, నిద్రలేమి, రెండు నెలలుగా అరికాళ్ల తిమ్మిరి. మెట్‌ఫార్మిన్ ఆరేళ్లుగా వాడుతున్నాను, ఈ మధ్య మోతాదు పెంచారు, శాకాహారిని. ఇదే బాధకు ముగ్గురు వేర్వేరు డాక్టర్లు చూశారు, తగ్గలేదు.” ఇంతకు మించి అక్కరలేదు. తిమ్మిరి ఎప్పటి నుంచో మీకు సరిగ్గా ఎంత గుర్తుంటే అంత రాయండి. “ఆగగలను” అన్న మాటను చిన్నచూపు చూడకండి. విన్నపాలను విడదీసేవారికి చేతిలో వెసులుబాటు ఇచ్చేది అదే. ఇవాళే కావాలి, ఆవిడే కావాలి అని రెండూ అడిగితే ఇవాళ్టి డాక్టరునే ఇస్తారు.

“ముగ్గురు చూశారు, తగ్గలేదు” అన్న వాక్యానికీ కారణముంది. జెస్సికా బ్రేడీ అనే యువతి నెలల తరబడి సర్జరీని పదేపదే సంప్రదించినా జబ్బు బయటపడక, చివరికి క్యాన్సరని తేలాక 2020 డిసెంబరులో 27 ఏళ్ల వయసులో మరణించింది. ఆమె తల్లిదండ్రులు చేసిన పోరాటం ఫలితంగా ‘జెస్ నియమం’ పేరుతో 2025 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని జీపీలందరికీ ఒక సూచన వెళ్లింది. ఒకే లక్షణంతో, లేదా ముదురుతున్న లక్షణాలతో రోగి మూడుసార్లు వచ్చినా జబ్బేమిటో తేలకపోతే, మొదటి అంచనాను పక్కనపెట్టి కొత్తగా ఆలోచించాలన్నది దాని సారాంశం. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ సంగతి చెప్పలేదు, మీ లక్షణాలకు మామూలు కారణాలే ఎక్కువ. కానీ డాక్టరు మారినప్పుడల్లా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి, ఇది నాలుగోసారి అని గుర్తుచేయవలసింది రోగే.

తరువాత అడగవలసింది మీ పేరుకు ఎదురుగా ఏ డాక్టరు పేరు ఉందో. 2015 నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి రోగికీ బాధ్యుడైన జీపీ అంటూ ఒకరి పేరు సర్జరీ రికార్డులో ఉండాలి. చాలా చోట్ల అది కాగితానికే పరిమితమైంది, ఎప్పుడో రిటైరైన డాక్టరు పేరు ఉన్నా ఆశ్చర్యపోవద్దు. ఫలానా డాక్టరు పేరు పెట్టమని రోగి కోరితే దాన్ని తీర్చడానికి సర్జరీ తగిన ప్రయత్నం చేయాలి. ఆవిడ పేరు మీ రికార్డులోకి మారితే అపాయింట్‌మెంట్ ఆ రోజే దొరకదు, కానీ మీ రక్తపరీక్షల ఫలితాలు, ఆసుపత్రి ఉత్తరాలు ఆవిడ బల్ల మీదికి వెళ్లే అవకాశం పెరుగుతుంది. ఆన్‌లైన్ ఫారాన్ని విడదీసేవారు ఆ పేరు చూసి అటు పంపే అవకాశమూ ఉంటుంది. ఇక ఒకసారి ఆవిడ దొరికాక, గది దాటకముందే “మళ్లీ మీకే చూపించుకోవాలంటే ఎలా” అని ఆవిడనే అడగండి. డాక్టరు తలుచుకుంటే తన చేతిలో ఉంచుకున్న అపాయింట్‌మెంట్లలో ఒకదాన్ని అక్కడికక్కడే మీ పేరున రాయగలరు. బయటికొచ్చి రిసెప్షన్‌లో అడిగితే ఆ దారి చాలాసార్లు మూసుకుపోతుంది.

ఆవిడ కోసం ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. ఛాతీలో నొప్పి, ముఖం ఒకవైపు జారడం, చేయి పట్టు తప్పడం, ఊపిరాడకపోవడం వంటివాటికి జీపీ కాదు, అత్యవసర నంబరు 999. కాలి మీద పుండు పడటం, పాదం ఎర్రబడి వేడెక్కడం షుగరు ఉన్నవారికి ఆ రోజే ఎవరో ఒకరు చూడవలసిన విషయం, అప్పుడు ఎనిమిదింటి క్యూ మీదే. నడకలో తూలుతున్నా, తిమ్మిరి త్వరత్వరగా పైకి పాకుతున్నా మూడు వారాలన్న మాట మరిచిపోయి వెంటనే చెప్పండి. రాత్రివేళ, సెలవు రోజుల్లో ఎన్‌హెచ్ఎస్ సలహా నంబరు 111 ఉంది. బతకాలని లేదనిపించేంత దిగులు వస్తే అదే నంబరుకు చేసి మానసిక ఆరోగ్య సహాయం కోసం 2 నొక్కాలి.

అలాగే, ఆవిడ సమయం అక్కరలేని పనులు ఆవిడ దాకా తీసుకెళ్లవద్దు. పాత మందులే మళ్లీ కావాలంటే యాప్‌లో అడిగితే చాలు. సైనస్, గొంతు నొప్పి, అక్కి వంటి ఏడు రకాల బాధలకు 2024 జనవరి 31 నుంచి ఫార్మసీలోనే, నియమాలకు లోబడి, చూసి మందు ఇస్తున్నారు. 65 ఏళ్ల లోపు ఆడవారికి మామూలుగా వచ్చే మూత్రపు మంట కూడా అందులో ఉంది. షుగరు వారికి ఏటా చేసే పరీక్షలు, పాదాల పరీక్షతో సహా, సాధారణంగా నర్సో, ఆ పనికి శిక్షణ పొందిన సహాయకులో చేస్తారు. ఈ ఏడాది మీ పాదాల పరీక్ష జరిగిందో లేదో చూసుకోండి. జరగకపోతే ఆ పేరుతో నర్సు అపాయింట్‌మెంట్ డాక్టరు కంటే త్వరగా దొరుకుతుంది, తిమ్మిరి సంగతి అక్కడే రికార్డుకెక్కుతుంది.

గుంటూరు ప్రయాణం విషయంలో మీవారి ఉద్దేశం మంచిదే. కొత్తపేటలో ఉదయం రక్తం ఇచ్చి సాయంత్రానికి రిపోర్టుతో పెద్ద డాక్టరు ముందు కూర్చోవచ్చన్నది నిజం. ఆ వేగం ఇక్కడ లేదు. కాబట్టి సెలవులో పరీక్షలు చేయించుకోండి, మంచి స్పెషలిస్టు అభిప్రాయమూ తీసుకోండి, అందులో నాకు అభ్యంతరం లేదు. ఆరు నెలల మందులు తెచ్చుకోవడం దగ్గర మాత్రం ఒప్పుకోను. మన దగ్గర షుగరుకు రాసే మాత్రల్లో రెండు మూడు మందులు కలిసినవి ఎక్కువ. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ ఉన్న మాత్ర తెచ్చుకుని, ఇక్కడి సర్జరీ ఇచ్చే మెట్‌ఫార్మిన్‌ను కూడా మానకుండా వేసుకునేవారు ఉంటారు. గ్లిమెపిరైడ్ వల్ల షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు, కారు నడిపేవారికి అది మరీ ముప్పు. ఇక్కడి డాక్టరుకు ఆ మందు సంగతే తెలియకపోతే మీ రక్తపరీక్ష చూసి వేసే అంచనా తప్పుతుంది. గుంటూరు రిపోర్టులు, చీటీలు ఫోనులో ఫొటో తీసి, వచ్చిన వారంలోనే సర్జరీకి పంపి రికార్డులో చేర్చమనండి. మందు మార్చాలనిపిస్తే ఇక్కడి డాక్టరుతో మాట్లాడాకే మార్చండి. అన్నట్టు, ఇంగ్లండ్‌లో షుగరుకు మందులు వాడేవారికి, థైరాయిడ్ తక్కువై మాత్ర వేసుకునేవారికి మందుల చీటీ రుసుము మినహాయింపు ఉంది. ఆ ధ్రువపత్రం మీ దగ్గర లేకపోతే సర్జరీని అడగండి, అన్ని మందులకూ వర్తిస్తుంది.

ఇక్కడే ప్రైవేటు జీపీ దగ్గరికి వెళ్లడం గురించి మీరు అడగలేదు కానీ చాలామంది చేసేది అదే కాబట్టి రెండు మాటలు. అపాయింట్‌మెంట్ త్వరగా దొరుకుతుంది, కానీ అక్కడ కూడా మిమ్మల్ని చూసేది పరిచయం లేని మనిషే. మీకు కావలసింది వేగం కాదు, పరిచయం. ఆ డబ్బు పెట్టి నాలుగో అపరిచితుడిని కలవడం వల్ల మీ సమస్య తీరదు.

సర్జరీ మార్చుకోవడం చివరి మెట్టుగా ఉంచుకోండి. మీ ఇంటి చిరునామా వారి పరిధిలో ఉంటే మరో సర్జరీలో చేరే హక్కు మీకు ఉంది, కారణం చెప్పనక్కరలేదు, రికార్డు మీ వెంటే వస్తుంది. కానీ సర్జరీ మారిన రోజే ఆ డాక్టరమ్మను మీరే వదులుకున్నట్టు. మారాలనే అనుకుంటే ముందు జీపీ పేషెంట్ సర్వే ఫలితాలు చూడండి. ఏటా జరిగే ఈ సర్వేలో తమకు ఇష్టమైన డాక్టరు ఎంత తరచుగా దొరుకుతున్నారని కూడా అడుగుతారు, ఏ సర్జరీకి ఆ సర్జరీ ఫలితాలు వెబ్‌సైటులో పెడతారు. పక్కవీధి సర్జరీ భవనం కొత్తగా ఉందనో, స్నేహితురాలికి ఒకసారి వెంటనే దొరికిందనో మారడం కంటే ఈ ఒక్క అంకె చూసి నిర్ణయించుకోవడం మేలు. అంతకు ముందు, నేను చెప్పినట్టు ఫారం పంపినా నెల దాకా కదలిక లేకపోతే, సర్జరీ మేనేజరుకు ఒక ఈమెయిలు రాయండి. ఏ తేదీన అడిగారు, ఏం జవాబు వచ్చింది, ఇదే బాధకు ఎందరు చూశారు అన్నవి రాస్తే చాలు. అక్కడా పని జరగకపోతే మీ ప్రాంతపు ఎన్‌హెచ్ఎస్ సేవలను చూసే ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు. మీ విషయంలో అంత దూరం వెళ్లవలసి రాదనే నా నమ్మకం.

అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడు ఒకటికి బదులు రెండు అపాయింట్‌మెంట్ల సమయం, అంటే ఇరవై నిమిషాలు ఇవ్వగలరా అని అడగండి. ఇన్ని సంగతులు పది నిమిషాల్లో తేలవు, కొన్ని సర్జరీలు ఒప్పుకుంటాయి. చెప్పవలసినవి కాగితం మీద రాసుకుని, అందులో అమ్మ పోయిన సంగతిని అడుగున కాకుండా పైన పెట్టండి. మన ఆడవాళ్లు కాళ్ల తిమ్మిరి, నీరసం, మాత్రలు అన్నీ చెప్పి, లేచి తలుపు దగ్గరికి వెళ్లాక అసలు మాట చెబుతారు, అప్పటికి డాక్టరు చేయి తరువాతి రోగి పేరు మీద ఉంటుంది. ఆ దుఃఖానికి మాట సాయం కావాలనిపిస్తే, దానికి జీపీ దాకా ఆగనక్కరలేదు. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్ఎస్ టాకింగ్ థెరపీస్‌కు, అంటే మాటలతో చేసే చికిత్సకు, మీ అంతట మీరే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. తెలుగులో మాట్లాడితేనే మనసు విప్పగలననుకుంటే దుబాసీ కావాలని ఆ నమోదులోనే రాయండి.